ఇల్లేమో 400 అడుగులు, స్పీకర్లేమో 10 వేల వాట్సా?

పోస్టు జర పొడుగుంటది, ఓపికగ చదవండి.

మొన్న గ్రూపులో ఒక తమ్ముడు అడిగిండు, పత్తి పైసలు వచ్చినయి, ఇంట్లకు హోమ్ థియేటర్ తీసుకుందాం అనుకుంటున్నం, ఏది మంచిది అని. కింద మస్తు మంది సలహాలు ఇచ్చిన్రు. అందరిదీ ఒకటే మాట: పెద్ద టవర్లు, 5.1, ఎక్కువ వాట్స్. మీ గది ఎంత ఉంటది, ఇంట్ల ఎవరు వింటరు, ఏం వింటరు అని ఒక్కరు కూడ అడగలే. అందుకే రాస్తున్న. నా మాట సూటిగ చెప్తున్న: మన ఇండ్లకు రెండు చిన్న బాక్సులే సరైనవి. పైసలు లేవు కాబట్టి చిన్నవి తీసుకోండి అంటలేను. పైసలు ఉన్నా అవే తీసుకోండి అంటున్న.

ముందు ఇంటి లెక్క చూద్దాం. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇండ్ల పథకంలో సాయం 5 లక్షలు, ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు. అందులో వంటిల్లు, బాత్రూమ్, లోపలి గది తీసేస్తే టీవీ పెట్టే గది ఎంత మిగులుతది? పదడుగులకు పన్నెండు అడుగులు అనుకోండి. పైన స్లాబ్, కింద టైల్స్, చుట్టూ ఉత్త గోడలు. పరుపులు, పరదాలు, సోఫాలు తక్కువ. ఆ గదిలో ఒక్కసారి గట్టిగ చప్పట్లు కొట్టి చూడండి, టంగుమని తిరిగొస్తది. స్పీకర్ సౌండ్ కూడ అట్లనే తిరిగొస్తది.

గది చిన్నదైన కొద్దీ బేస్‌తోని ఇంకో తిప్పలు. సౌండ్ సెకనుకు సుమారు 343 మీటర్లు పోతది. రెండు గోడల మధ్య పది అడుగులు, అంటే సుమారు 3 మీటర్లు ఉంటే, 56, 57 హెర్ట్జ్ దగ్గరి సౌండ్ ఆ గోడల మధ్యన్నే ఊగుతది. డీజే పాటల్లో దమ్ముదమ్మని కొట్టేది ఇంచుమించు ఆ దగ్గరిదే. పెద్ద సబ్‌వూఫర్ తెచ్చి మూలకు పెట్టినమంటే ఇంకా పెరుగుతది. ఒక మూల కూసున్నోళ్లకు గుండె అదురుతది, గది నడుమ కూసున్నోళ్లకు సగం కూడ వినపడదు. అది స్పీకర్ తప్పు కాదు, గదిది. ఎన్ని వేలు పెట్టినా గది మారదు. నాలుగు ఇంచుల వూఫర్ ఉన్న చిన్న బాక్సు అంత కిందికి గట్టిగ పోదు కాబట్టి, ఆ గోల సగం దానంతట అదే తప్పుతది.

ఇగ వాట్స్. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 5000, 10000 అని రాసి ఉంటది. కింద చిన్నగ పీఎంపీవో అని ఉంటది. దానికి అందరూ ఒప్పుకున్న కొలత అంటూ ఏదీ లేదు, ఎవరికి నచ్చిన అంకె వాళ్లు ఏస్తరు. చూడాల్సింది ఆర్ఎంఎస్ వాట్స్. అది కూడ ఎక్కువుంటే గొప్ప అనుకోకండి. వాట్స్ డబుల్ అయితే సౌండ్ డబుల్ కాదు, 3 డెసిబుల్స్ పెరుగుతది, చెవికి కొంచెమే తేడా. డబుల్ అయినట్టు అనిపించాలంటే ఇంచుమించు 10 డెసిబుల్స్ పెరగాలె, అంటే వాట్స్ పది రెట్లు కావాలె. మామూలు చిన్న బాక్సు ఒక్క వాట్‌కే మీటరు దూరంలో 85 డెసిబుల్స్ దాకా ఇస్తది. పెద్ద సౌండ్ వారానికి 80 డెసిబుల్స్‌తో 40 గంటలు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. అంటే ఇంట్ల మనం రోజూ వాడుకునేది ఒకటి రెండు వాట్స్ లోపే. మిగిలిన వాట్స్ అన్నీ డబ్బా మీద చూసుకోవడానికే.

నాకు దీనికంటే పెద్ద విషయం ఇంకోటుంది. మన ఇండ్లల్ల ముసలోళ్లు టీవీ ముందర కూసొని ఏమంటరు? "సౌండ్ వస్తుంది గని మాట సమజైతలేదు బిడ్డా" అంటరు. మనమేమో వాల్యూమ్ ఇంకా పెంచుతం. మాటలో స, శ, ట, త లాంటివి సమజవ్వాలంటే 2000 హెర్ట్జ్ పైన సౌండ్ సాఫుగ రావాలె. వయసు మీద పడితే చెవి ముందు పోగొట్టుకునేది ఆ పైసౌండునే. సన్నటి టీవీల్లో స్పీకర్లు కిందికో వెనక్కో చూస్తుంటయి. దానికి సబ్‌వూఫర్ తగిలిస్తే మాట ఇంకా కింద పడిపోతది. రెండు చిన్న బాక్సులు టీవీకి అటొకటి ఇటొకటి మనిషి దిక్కు తిప్పి పెడితే, తక్కువ వాల్యూమ్‌లనే మాట తెలుస్తది. అదే గదిలో ఇంటర్ చదివే చెల్లె ఉంటది, టీ-శాట్ నిపుణ పెట్టుకొని గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే అన్న ఉంటడు. వాళ్లకు కావాల్సింది మాట, దమ్ము కాదు.

మన పాటల సంగతి కూడ చెప్పాలె. గోండికి గుంజాల లిపి ఉంది. మన గోర్ బోలికి సొంత లిపి లేదు, ఇక్కడ తెలుగులో, మహారాష్ట్ర దిక్కు దేవనాగరిలో రాసుకుంటం. పెండ్లిపిల్ల ఏడ్చుకుంట పాడే ఢావ్లో, తీజ్ పాటలు, ఇవన్నీ ముసలి యాడీల గొంతులల్లనే ఉన్నయి. ఇప్పుడు మన పిల్లలు ఫోన్లల్ల రికార్డు చేస్తున్నరు, చాలా మంచిది. గని అవే పాటలు డీజే రీమిక్స్ చేసి టవర్ బాక్సుల్లో పెడితే పాట పోతది, దరువు ఒక్కటే మిగులుతది. గొంతులో వణుకు, నడుమ తీసుకునే ఊపిరి, ఇవి ఇంట్ల వినపడాలె అని నాకుంది. కోయ, గోండు, ఎరుకల అన్నలు అక్కలు కూడ మీ ఇండ్ల పాటలు గుర్తు చేసుకొని ఆలోచించండి.

అందుకే కొననీకె పోయినప్పుడు షాపోళ్లు పెట్టే పాట వినకండి. వాళ్లు ఆ స్పీకర్‌కు నప్పే పాటే పెడతరు. మీకు బాగా తెలిసిన గొంతు తీస్కపోండి. మీ యాడి మాట్లాడింది, పాడింది రెండు నిమిషాలు రికార్డు చేసి పెన్ డ్రైవ్‌లో గని ఫోన్‌లో గని పెట్టుకోండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ కాదు, ఫోన్ రికార్డర్‌తో చేసింది. అది పెట్టి, కండ్లు మూసుకొని వినండి. మా యాడే మాట్లాడుతుంది అనిపిస్తే ఆ స్పీకర్ మంచిది. డబ్బాలో నుంచి మాట్లాడినట్టు ఉంటే ఎంత పేరున్న కంపెనీ అయినా వద్దు.

ఎట్లాంటివి చూడాలె? రెండు బాక్సులు, ఒకదాన్ల ఆంప్లిఫయర్ ఉండేవి, 2.0 అంటరు. ఉదాహరణకు ఎడిఫయర్ ఆర్1280టీ అని ఉంది. 42 వాట్స్ ఆర్ఎంఎస్, నాలుగు ఇంచుల వూఫర్, చెక్క డబ్బా. దాంట్ల బ్లూటూత్ ఉండదు, డీబీ అని రాసి ఉన్నదాంట్ల ఉంటది. అంత పెట్టలేకపోతే క్రియేటివ్ పెబుల్ లాంటి యూఎస్‌బీ స్పీకర్లు ఉన్నయి, మొత్తం 4.4 వాట్సే. నవ్వకండి, హాస్టల్ రూముకు, చదువుకునే టేబుల్‌కు అవి చాలు, గదికి మటుకు చాలవు. సౌండ్‌బార్ కూడ చెడ్డదేం కాదు గని, లోపలి బోర్డు పోతే చాలాసార్లు పూర్తిగ పక్కన పడేయాల్సిందే.

ఇంకా తక్కువలో కావాలంటే పాత మ్యూజిక్ సిస్టమ్ బాక్సులు చూడండి. హైదరాబాద్ పోయేటోళ్లకు కోఠి గుజరాతీ గల్లీ తెలిసిందే. పాత బాక్సు కొనేముందు వూఫర్ అంచు చుట్టూ వేలితో మెల్లగ తాకండి, ఫోమ్ పొడి రాలితే వద్దు. వెనక ఎన్ని ఓమ్స్ అని రాసి ఉందో చూసి, ఆంప్లిఫయర్ దానికి పనికొస్తదా అడగండి. 8 ఓమ్స్ ఆంప్లిఫయర్‌కు 4 ఓమ్స్ బాక్సు తగిలిస్తే కాలిపోవచ్చు.

కొనక ముందే ఇంట్ల టీవీ వెనక ఫోటో తీస్కోండి. ఎర్ర తెల్ల పిన్నులా, హెడ్‌ఫోన్ పిన్నా, ఆప్టికలా? కొత్త టీవీలల్ల చానా వాటికి హెడ్‌ఫోన్ పిన్ను ఉండదు. అప్పుడు ఆప్టికల్ ఇన్‌పుట్ ఉన్న స్పీకర్ తీస్కోవాలె, లేకుంటే చిన్న కన్వర్టర్ అదనంగ కొనాలె. బ్లూటూత్‌తో టీవీ కలిపితే కొన్నిటికి పెదాలు ముందు, మాట తర్వాత వస్తది, వార్తలు చూసుడు కూడ చిరాకే.

పెట్టుడు గురించి ఒక్క మాట. మనం చాప మీదనో మంచం మీదనో కూసుంటం, స్పీకర్లేమో టీవీ పక్కన ఎత్తుల పెడతం. ట్విట్టర్, అంటే పైన ఉండే చిన్న స్పీకర్, చెవి ఎత్తుకు చూడాలె. అంత కిందికి పెట్టలేకపోతే వెనక దిక్కు చిన్న చెక్క ముక్క పెట్టి ముందుకు వంచండి. కింద పాత సైకిల్ ట్యూబ్ ముక్కలు వేస్తే టేబుల్ అదరదు. గోడకు జానెడు దూరం, మూలకు అసలే వద్దు.

మరి పండుగ వస్తే? తీజ్‌కు, సేవాలాల్ జయంతికి పెద్ద సౌండ్ కావాలె, నేను కూడ ఎగురుత. ఆ ఒక్క రోజుకు అందరం చందాలేసి కిరాయికి తెచ్చుకుందాం. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ వద్దు. హైదరాబాద్‌లోనైతే 2024 అక్టోబర్‌లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలే నిషేధించిన్రు. ఏడాదికి మూడు రోజుల ఎగురుడు కోసం మిగిలిన 362 రోజులు గది సగం ఆక్రమించే డబ్బాకు ఈఎంఐ కట్టుడు నాకు సమజైతలేదు. ఆ ఈఎంఐ కూడ, వడ్డీ లేదు అంటరు, ప్రాసెసింగ్ ఫీజు అని పక్కనుంచి తీస్కుంటరు. సంతకం పెట్టేముందు మొత్తం ఎంత కడుతున్నమో కాగితం మీద రాయించుకోండి.

మా ఇంట్ల కూడ ఇదే పంచాయితీ నడుస్తుంది. మా తమ్ముడు టవర్లే అంటుండు, బాపు ఏం అంటలేడు, పైసలు అడిగినప్పుడు చూద్దాం అంటుండు. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు తమ్మున్ని సిద్దిపేట తీస్కపోయి, యాడి పాట రెండింట్లో పెట్టి వినిపిస్త. గ్రూపులో ఎవరి ఇంట్లనన్న ఇట్లాంటి చిన్న బాక్సులు ఇప్పటికే ఉంటే గది కొలత, టీవీ మోడల్ రాసి చెప్పండి, కొనబోయేటోళ్లకు అక్కరకొస్తది.