అమెరికా నుంచి ఇంటికి డబ్బు పంపుతున్నారా? 1 శాతం పన్ను కంటే ఆ రసీదే ముఖ్యం!

అమెరికా నుంచి బయటి దేశాలకు పంపే డబ్బుపై 2026 జనవరి 1 నుంచి 1 శాతం పన్ను అమల్లోకి వచ్చింది. ఎన్నారైల వాట్సాప్ గ్రూపుల్లో దీనిపై జరిగిన రచ్చ అంతా ఇంతా కాదు. మొదట 5 శాతం అన్నారు, తర్వాత ప్రతినిధుల సభ దాన్ని 3.5 శాతంగా పాస్ చేసింది. అదీ అమెరికా పౌరులు కానివాళ్లకే అనడంతో హెచ్1బీ వీసాదారులు హడలిపోయారు. చివరికి 2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టంలో అది 1 శాతానికి దిగింది. పౌరులు, పౌరులు కానివాళ్లు అన్న తేడా కూడా పోయింది.

అసలు విషయం ఏంటంటే.. ఈ పన్ను నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్ లాంటివి ఇచ్చి పంపేవాళ్లకే. అమెరికా బ్యాంకు ఖాతా నుంచి గానీ, అక్కడ జారీ అయిన డెబిట్, క్రెడిట్ కార్డుతో గానీ పంపితే పైసా పన్ను లేదు. డల్లాస్‌లో ఉద్యోగం చేస్తూ నెలనెలా యాప్‌లో కరీంనగర్‌కు పంపే కొడుకుకు దీంతో సంబంధమే లేదన్నమాట. దెబ్బ పడేది కౌంటర్ దగ్గర క్యాష్ ఇచ్చి పంపేవాళ్లకు, బ్యాంకు ఖాతా లేని కూలీలకు.

మనకు ఈ లెక్కలు చిన్నవేం కాదు. ఆర్‌బీఐ సర్వే ప్రకారం 2023-24లో భారత్‌కు వచ్చిన ప్రవాసుల సొమ్ములో 27.7 శాతం అమెరికా నుంచే వచ్చింది. అన్ని దేశాల నుంచి వచ్చిన దాంట్లో తెలంగాణ వాటా 8.1 శాతం. కానీ ఇంత డబ్బు పంపేవాళ్లలో చాలామందికి పన్ను గురించి తెలిసినంతగా తమ హక్కుల గురించి తెలియదు.

2008 ఆర్థిక సంక్షోభం తర్వాత 2010లో డాడ్-ఫ్రాంక్ చట్టం వచ్చింది. దాని కింద వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీ రాసిన రెమిటెన్స్ రూల్ 2013 అక్టోబర్ 28 నుంచి అమల్లో ఉంది. 15 డాలర్లు దాటిన ప్రతి వ్యక్తిగత బదిలీకీ ఇది వర్తిస్తుంది. ఏడాదికి 500 బదిలీలకు మించి చేసే బ్యాంకులు, కంపెనీలన్నీ దీని కిందికి వస్తాయి. డబ్బు కట్టించుకునే ముందే ఫీజు ఎంత, మారకం రేటు ఎంత, అవతలివాళ్లకు రూపాయల్లో ఎంత చేరుతుందో చూపించాలి. కట్టాక ఏ తేదీకి అందుతుందో రసీదులో రాయాలి.

చెప్పిన తేదీకి అందకపోయినా, చెప్పినంత చేరకపోయినా 180 రోజుల్లోగా ఫిర్యాదు చేయొచ్చు. కంపెనీ 90 రోజుల్లో విచారించి తేల్చాలి. తప్పు తమదే అయితే డబ్బు వాపసు ఇవ్వాలి లేదా మళ్లీ పంపాలి. అయితే పంపినవాళ్లే అకౌంట్ నంబర్ తప్పు కొడితే మాత్రం చిక్కే. కంపెనీ ముందే హెచ్చరించి, సరిచూసే ప్రయత్నం చేసిందని చూపిస్తే ఆ నష్టం పంపినవాళ్ల మీదే పడొచ్చు.

ఇంకో హక్కు.. కట్టిన 30 నిమిషాల్లోగా రద్దు చేసుకుంటే ఫీజుతో సహా వాపసు వస్తుంది. ఇక్కడే ట్విస్ట్. అప్పటికే అవతలి ఖాతాలో డబ్బు పడిపోతే ఆ హక్కు పోయినట్టే. రెండు నిమిషాల్లో క్రెడిట్ అని యాప్‌లు గొప్పగా చెప్పుకుంటున్నాయి కదా, ఆ స్పీడే ఈ హక్కును కాగితం మీదకు నెట్టేస్తోంది.

ఇక రాష్ట్రాల సంగతి. బదిలీ సక్రమంగా జరిగిందా లేదా అన్నది ఫెడరల్ రూల్ చూస్తుంది. మరి కంపెనీయే మునిగిపోతే? అది రాష్ట్ర చట్టం పని. బ్యాంకు కాని సంస్థ దాదాపు ప్రతి రాష్ట్రంలో విడివిడిగా మనీ ట్రాన్స్‌మిటర్ లైసెన్స్ తీసుకోవాలి. ష్యూరిటీ బాండ్ కట్టాలి, కస్టమర్లకు బాకీ ఉన్నంత మేర భద్రమైన ఆస్తులు చూపాలి. టెక్సాస్‌లో దీన్ని చూసేది అక్కడి బ్యాంకింగ్ శాఖ. ఓక్లహోమా అయితే 2009 నుంచే సొంత ఫీజు వసూలు చేస్తోంది. వైర్ ట్రాన్స్‌ఫర్ కంపెనీ ద్వారా పంపితే మొదటి 500 డాలర్లకు 5 డాలర్లు, ఆపైన 1 శాతం. రాష్ట్ర ఆదాయపన్ను రిటర్న్‌లో అడిగితే అది తిరిగొస్తుంది, అడగాలంతే!

కాగితం మీద అంతా బాగానే ఉంది, అమలు చేసేదెవరు అన్నదే ఇప్పుడు ప్రశ్న. డబ్బు సకాలంలో అందించలేదంటూ మనీగ్రామ్‌పై 2022 ఏప్రిల్‌లో సీఎఫ్‌పీబీ, న్యూయార్క్ అటార్నీ జనరల్ కలిసి కోర్టుకెళ్లారు. ట్రంప్ రెండోసారి వచ్చాక 2025లో సీఎఫ్‌పీబీ ఆ కేసు నుంచి తప్పుకుంది, న్యూయార్క్ ఒక్కటే కొనసాగించింది. ఫీజుల విషయంలో వైజ్ సంస్థకు 2025 జనవరిలో వేసిన 20 లక్షల డాలర్లకు పైగా జరిమానాను అదే ఏడాది మే నెలలో సుమారు 45 వేల డాలర్లకు తగ్గించేశారు. ఫెడరల్ కాపలా సడలిన చోట రాష్ట్రాలే దిక్కు. అందుకే రసీదులో సీఎఫ్‌పీబీతో పాటు లైసెన్స్ ఇచ్చిన రాష్ట్ర సంస్థ వివరాలు కూడా ఉండాలన్న నిబంధన ఇప్పుడు అక్కరకొస్తోంది.

ఈ రసీదు అస్సలు దొరకని దారి ఒకటుంది. "నీకు డాలర్లు కావాలి, నాకు ఇండియాలో రూపాయలు కావాలి, గూగుల్ రేటు కంటే రూపాయి ఎక్కువిస్తా" అంటూ గ్రూపుల్లో జరిగే మార్పిడి. ఇందులో 180 రోజుల గడువు లేదు, బాండ్ లేదు, ఫిర్యాదు చేయడానికి ఆఫీసే లేదు. లైసెన్స్ లేకుండా దీన్ని వ్యాపారంగా నడిపేవాళ్లకు అమెరికా ఫెడరల్ చట్టం కింద ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. ఇండియాలో ఫెమా చట్టం కూడా అధీకృత సంస్థల ద్వారా కాని ఇలాంటి లావాదేవీలను ఒప్పుకోదు. పైగా ఊళ్లో ఉన్న తండ్రి ఖాతాలో పడిన ఆ రూపాయలు ఏదైనా సైబర్ మోసం తాలూకు సొమ్మని తేలితే, ముందు ఫ్రీజ్ అయ్యేది ఆయన ఖాతానే.