మన ప్లేట్లకు జాబితా కావాలి

పాత రికార్డులు సేకరించేవాళ్లను బజారులో ఇట్టే గుర్తుపట్టవచ్చు. ప్లేటు చేతికి రాగానే వాళ్లు పాట పేరు చదవరు. రెండు అరచేతుల మధ్య అంచులు పట్టుకుని వెలుతురుకు ఏటవాలుగా తిప్పుతారు. నల్లగా నిగనిగలాడితే సరే. గాడుల వెంట బూడిదరంగు చారలుంటే ఉక్కు ముల్లు బాగా అరగదీసిందన్నమాట. తర్వాత అంచు చుట్టూ వేలు పోనిచ్చి ఎక్కడైనా బీట ఉందేమో చూస్తారు. అదయ్యాకే లేబుల్ సంగతి. ఎన్‌తో మొదలయ్యే నంబరుంటే హెచ్.ఎం.వి., జి.ఇ. ఉంటే కొలంబియా, ఎఫ్.టి. ఉంటే చవక ధరకు అమ్మిన ట్విన్. లేబుల్ అంచున, గాడులు ముగిసేచోట చెక్కిన చిన్న అంకెలు కూడా వాళ్లకు ముఖ్యమే. అది మాట్రిక్స్ నంబరు. ఆ పాట ఎప్పుడు, ఏ విడతలో రికార్డయిందో తేల్చడానికి చాలాసార్లు అదే దారి చూపిస్తుంది.

ఈ ఓపిక పట్టేవాళ్లు లేకపోతే తెలుగు పాట చరిత్రలో సగం ఊహాగానమే అయ్యేది. చెన్నైలో వి.ఎ.కె. రంగారావు గారు ఒక జీవితకాలం వెచ్చించి కూడబెట్టిన 78 ఆర్.పి.ఎం. రికార్డులు నలభై వేలు దాటాయి. సినిమా పాటల మీద ఆయన రాసిన 'ఆలాపన' వెనక ఉన్న ధీమా ఆ ప్లేట్లదే. ఏ పాట ఎవరు పాడారన్న వాదన వస్తే ఆయన జ్ఞాపకాన్ని నమ్మమనక్కర్లేదు, రికార్డు తీసి చూపగలరు.

లేబుల్ చెప్పిందంతా నిజమేనని కాదు. 1949 నాటి హిందీ చిత్రం 'మహల్'లో లతా మంగేష్కర్ పాడిన పాట తొలి రికార్డుల మీద ఆమె పేరు లేదు, 'కామిని' అని ఉంది. కామిని ఆ సినిమాలో మధుబాల వేసిన పాత్ర. సినిమా కోసం ఒకరు పాడితే రికార్డు కోసం మరొకరు పాడిన సందర్భాలూ ఆ రోజుల్లో ఉన్నాయి. అందుకే సేకర్త పని ప్లేటు కొనడంతో తీరదు. పాటల పుస్తకం, కంపెనీ కేటలాగు, పత్రికల్లో వచ్చిన ప్రకటన పక్కపక్కన పెట్టి సరిచూడాలి.

ఈ దేశంలో రికార్డింగుల కథ 1902లో కలకత్తాలో మొదలైంది. లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీ తరఫున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ అక్కడ గౌహర్ జాన్ చేత పాడించాడు. పాట చివర ఆమె తన పేరు ఇంగ్లీషులో చెప్పుకునేది. మైనపు అచ్చులు జర్మనీలోని హానోవర్‌కు వెళ్లి అక్కడ ప్లేట్లుగా తయారయ్యేవి. పాట భాష తెలియని అక్కడి పనివాళ్లు ఏది ఎవరిదో గుర్తించడానికి ఆ మాట పనికొచ్చేది. 1908లో కలకత్తా శియాల్దాలో ఫ్యాక్టరీ వచ్చాక ప్లేట్లు ఇక్కడే తయారయ్యాయి. పాటను మోసిన లక్కకు అప్పటికే మన అడవులే ప్రధాన ఆధారం.

తెలుగు ప్లేట్ల కోసం వెతికేవాళ్లు తెలుగు జిల్లాల్లోనే తిరిగితే చాలదు. మద్రాసులో కచేరీ విద్వాంసులు, దేవదాసీ సంప్రదాయంలోని గాయనులు ఇచ్చిన తొలితరం రికార్డులు తిరగేస్తే కనిపించే సాహిత్యంలో ఎంతో భాగం తెలుగే. త్యాగరాజ కీర్తనలు, క్షేత్రయ్య పదాలు, జావళీలు. ముద్దుపళని 'రాధికా సాంత్వనం' అచ్చువేయించిన బెంగుళూరు నాగరత్నమ్మ గొంతు కూడా ఆ ప్లేట్లలో ఉంది. తర్వాత ఎ.వి. మెయ్యప్పన్ భాగస్వాములతో నడిపిన సరస్వతీ స్టోర్స్ ఓడియన్ రికార్డులను దక్షిణాది ఇళ్లకు చేర్చింది.

కోస్తా ఊళ్లలో కీ ఇచ్చే గ్రామఫోన్ పెట్టె ముందు జనం మూగింది ఎక్కువగా నాటక పద్యం కోసం. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యం ప్లేటు మీదికి వచ్చాక, ఆయన నాటకం చూడని ఊళ్లలోనూ ఆ బాణీలో పాడేవాళ్లు పుట్టుకొచ్చారు. ఇక్కడొక సంగతి గమనించాలి. పది అంగుళాల ప్లేటుకు ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే కాస్త పైన. రంగస్థలం మీద వన్స్‌మోర్‌లు అందుకుంటూ తెల్లవార్లూ పాడే నటుడు, రికార్డింగు గదిలో ఎత్తుగడ, పద్యం, ముక్తాయింపు అంతా ఆ మూడు నిమిషాల్లోకి కుదించాలి. రాగం తగ్గింది, మాట స్పష్టత పెరిగింది. ఈనాటికీ పద్యనాటక గాయకులు అనుకరించేది చాలావరకు ఆ కుదించిన రూపాన్నే.

ఒక పాట బతకడానికి ఒక ప్లేటు చాలు. శంకరంబాడి సుందరాచారి 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' 1942 నాటి 'దీనబంధు' చిత్రం కోసం రాసింది. సినిమాలో అది చేరలేదు. టంగుటూరి సూర్యకుమారి పాడిన గ్రామఫోన్ రికార్డే దాన్ని బడులకూ సభలకూ చేర్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర గీతం దక్కింది అలాగే. కరుణశ్రీ 'పుష్పవిలాపం' ఇంటింటా వినిపించిందంటే ఘంటసాల రికార్డు చలవే.

ఇలాంటివి దొరికే చోట్లు తగ్గిపోతున్నాయి. మద్రాసు మూర్ మార్కెట్ పాత పుస్తకాలకూ పాత ప్లేట్లకూ పుట్టిల్లు. 1985లో అది కాలిపోయింది. ముంబయి కాలా ఘోడాలో తరాలపాటు సంగీతప్రియులు తిరిగిన రిథమ్ హౌస్ 2016లో మూతపడింది. అదే నగరంలో చోర్ బజార్, కోల్‌కతాలో ఫ్రీ స్కూల్ స్ట్రీట్, ఢిల్లీలో జామా మసీదు దగ్గరి మీనా బజార్ ఇంకా సేకర్తలను పిలుస్తూనే ఉన్నాయి. హైదరాబాదులో జుమ్మెరాత్ బజార్‌లోనో, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో తుప్పుపట్టిన సామాను మధ్య వెతికే కళ్లు ఇప్పటికీ ఉన్నాయి. విదేశీయుల వేట మరో రకం. బీటిల్స్ పాటలను 1960ల్లో కూడా 78 ప్లేట్లుగా తయారుచేసిన అతికొద్ది దేశాల్లో మనది ఒకటి కాబట్టి, ఆ పార్లోఫోన్ ప్లేట్ల కోసం మంచి ధర పెడతారు.

దొరికినదాన్ని పాడుచేసుకోవడం చాలా తేలిక. ఎల్.పి.ల తరం వినైల్‌ది. 78 ప్లేటులో ఉన్నది లక్క. మురికి పట్టిందని స్పిరిట్ పెట్టి తుడిస్తే లక్క కరిగిపోతుంది, పాట కూడా దాంతోపాటే. ఎల్.పి. ముల్లుతో వాయించినా తప్పే. 78 గాడి దానికంటే రెండు మూడింతలు వెడల్పు, సన్న ముల్లు అడుగున దుమ్మును గీరుతూ పోతుంది. ఒకదానిమీద ఒకటి దొంతరగా పేర్చినా అడుగువి వంగి పగులుతాయి. పుస్తకాల్లా నిలబెట్టాలి.

అయితే ప్లేటు భద్రంగా ఉండడం ఒక్కటే చాలదు. అది ఉందని నలుగురికీ తెలియాలి. కాన్పూరులో హర్‌మందిర్ సింగ్ 'హమ్‌రాజ్' హిందీ సినిమా పాటలన్నిటినీ 1931 నుంచి దశాబ్దాల వారీగా 'హిందీ ఫిల్మ్ గీత్ కోశ్' సంపుటాల్లోకి ఎక్కించాడు, రికార్డు నంబర్లతో సహా. ఆస్ట్రేలియా పరిశోధకుడు మైకేల్ కిన్నియర్ 1899 నుంచి 1908 దాకా గ్రామఫోన్ కంపెనీ చేసిన భారతీయ రికార్డింగుల జాబితాను 1994లో పుస్తకంగా తెచ్చాడు. నాటక పద్యం, హరికథ, జావళి, లలితగీతం, సినిమా పాట అన్నీ కలిపి అలాంటి కోశం తెలుగుకు కావాలి. చట్టం కూడా అడ్డు కాదు. సౌండ్ రికార్డింగ్ మీద హక్కు ప్రచురణ తర్వాత 60 ఏళ్లే. 78ల్లో దాదాపు అన్నిటికీ ఆ గడువు తీరింది. రచన మీద కవి హక్కు వేరే లెక్క, దాన్ని గౌరవిస్తూనే జాబితా వేసుకోవచ్చు.

ఈ పని తెలుగు విశ్వవిద్యాలయాలు చేపట్టాలి, సేకర్తలను తోడు పిలవాలి. పాఠకులు చేయగలిగింది ఇంతకంటే సులువు. అటక మీద తాతలనాటి ప్లేట్లుంటే పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. రెండు వైపులా లేబుళ్లను, మాట్రిక్స్ అంకెలు కనిపించేలా, ఫోనుతో ఫొటో తీయండి. ఏ ఊళ్లో, ఎవరి ఇంట్లో దొరికిందో రాసిపెట్టండి. మీ దగ్గరలోని గ్రంథాలయానికో, నమ్మకమైన సేకర్తకో చూపించండి.