తప్పు టైపు చేసినవారిదేనా?

2017 ఫిబ్రవరి 28న అమెజాన్‌లో ఒక ఉద్యోగి ముందే స్థిరపడిన పద్ధతి ప్రకారమే ఒక కమాండ్ నడిపారు. ఎస్‌త్రీ అనే నిల్వ సేవలో బిల్లింగ్ నత్తనడక నడుస్తోంది. కారణం వెతికే పనిలో కొన్ని సర్వర్లను పక్కన పెట్టాలి. కమాండ్ సరైనదే, దానికిచ్చిన వివరాల్లో ఒకటి తప్పు పడింది. కొన్ని పోవాల్సిన చోట చాలా సర్వర్లు పోయాయి. సుమారు నాలుగు గంటలు ఎన్నో వెబ్‌సైట్లు మూలనపడ్డాయి. సేవలు ఎలా ఉన్నాయో చెప్పే అమెజాన్ సొంత బోర్డు కూడా ఎస్‌త్రీ మీదే ఆధారపడింది. కాబట్టి కొంతసేపు దాన్నీ మార్చలేకపోయారు!

కమాండ్ పక్కన రాసే ఆ వివరాలే ఆర్గ్యుమెంట్లు. చిన్న స్క్రిప్టును పదిమందికి పనికొచ్చే పనిముట్టుగా మార్చేవి అవే.

ఓ బడి హాజరు కోసం రాసిన పైథాన్ ఫైలునే తీసుకుందాం. అందులో ‘లెక్కించు’, ‘ముద్రించు’, ‘తుడిచేయి’ అని మూడు ఫంక్షన్లు. (పైథాన్ 3లో పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు, పెట్టేవాళ్లే తక్కువ.) టెర్మినల్‌లో ఫైలు పేరు పక్కన ‘లెక్కించు’ అని కొడితే ఆ మాట ‘సిస్ ఆర్గ్‌వి’ అనే జాబితాలో రెండో అంశంగా చేరుతుంది. మొదటిది స్క్రిప్టు పేరే. ఇక ఆ మాటకు సరిపడే ఫంక్షన్‌ను పిలవడమే తరువాయి.

ఎలా పిలవాలన్న దగ్గరే పేచీ. టైపు చేసిన పేరును, ఫైల్లోని పేర్లన్నీ ఉండే ‘గ్లోబల్స్’లో వెతికి, దొరికిందాన్ని దొరికినట్టు నడిపేసే ఒక్క వరుస చిట్కా చాలామందికి ముద్దు. అది ఇంటి తాళాలన్నీ గుత్తిగా కట్టి వీధిగుమ్మానికి వేలాడదీయడమే. బయటివారు తాకకూడని ‘తుడిచేయి’ కూడా ఒక్క మాట దూరంలోకి వస్తుంది. అనుమతించిన పేర్లను మాత్రమే ఒక డిక్షనరీలో రాసుకోవడానికి నాలుగు వరుసలు ఎక్కువ పడితే పడనీ.

ఇంకో చిక్కుంది. బయటినుంచి వచ్చేదంతా అక్షరాలే. 2, 3 ఇచ్చి కూడమంటే, సంఖ్యలుగా మార్చకపోతే 23 వస్తుంది. 2010లో వచ్చిన పైథాన్ 2.7 నుంచి అందుబాటులో ఉన్న ఆర్గ్‌పార్స్ అనే మాడ్యూల్, రకం చెబితే, ఈ మార్పిడి చేసిపెడుతుంది, వాడే తీరు కూడా చూపిస్తుంది. అదీ అమాయకమైనదేం కాదు. రకం ‘బూల్’ అని చెప్పి ‘ఫాల్స్’ అని కొడితే ‘ట్రూ’ చేతికొస్తుంది. ఖాళీ కాని మాటేదైనా పైథాన్‌కు నిజమే మరి.

అమెజాన్ చేసిన మరమ్మతు గమనించదగ్గది. ‘జాగ్రత్తగా టైపు చేయండి’ అని సరిపెట్టలేదు, పనిముట్టునే మార్చింది. సర్వర్లను నెమ్మదిగా తీసేలా, కనీస సంఖ్య కంటే తగ్గబోతే మొరాయించేలా చేసింది. బడి స్క్రిప్టుకు అంత హంగు అక్కర్లేదు. ‘తుడిచేయి’ అనగానే ఎన్ని రికార్డులు పోతాయో చూపించి, ‘అవును’ అని కొట్టాకే కదిలితే చాలు.