పాఠం పొలంలో జరగాలి, పంట కోసేదాకా జరగాలి

రైతన్నలారా, రైతక్కలారా, కౌలుదారులారా, నాట్లేసి కలుపుతీసే అక్కాచెల్లెళ్లారా!

వానాకాలం పంటకు ముందు రైతు వేదికలో సదస్సు పెడతారు. అధికారులు వచ్చి మాట్లాడతారు, చేతికో కాగితం ఇస్తారు. వాళ్లు చెప్పేదాంట్లో తప్పులేదు. కానీ ఆ రోజుకు మనం నారు కూడా పోసి ఉండం. సుడిదోమ కుదుళ్లలోకి దిగేనాటికి సదస్సు ముగిసి నెలలు గడిచిపోతాయి. అప్పుడు అడుగుదామంటే దగ్గర్లో కనిపించేది మందుల దుకాణమే. దుకాణదారును నిందించడం మా ఉద్దేశం కాదు. ఉద్దెరకు ఇచ్చి ఆదుకునేది చాలాసార్లు ఆయనే. కానీ మందు అమ్ముకుని బతికే మనిషినే పట్టుకుని మందు కొట్టాలా వద్దా అని అడగాల్సిన స్థితి రైతుకు ఉండకూడదు.

అందుకే మా డిమాండు ఇది: ప్రతి ఊళ్లో, ఆ ఊరి పొలంలోనే, విత్తిన దగ్గర్నుంచి కోసేదాకా వారం వారం పొలంబడి నడపాలి. అందులో పట్టాదారుతో సమానంగా కౌలుదారుకూ, ఆడవాళ్లకూ చోటుండాలి.

పొలంబడి మన దగ్గర కొత్త మాట కాదు. దాని పుట్టుక ఇండోనేషియా వరి పొలాల్లో జరిగింది. అక్కడ దోమను చంపాలని మందు మీద మందు కొడితే ముందు చచ్చింది దోమను తినే సాలీళ్లు. దోమ మాత్రం మళ్లీ మళ్లీ విరుచుకుపడింది. చివరకు 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. నిషేధంతోనే పని అయిపోదని గ్రహించి, 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులకు పొలంలోనే బడి మొదలుపెట్టింది. ఆ పద్ధతే తర్వాత మన దేశానికీ వచ్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ కొన్ని ఊళ్లలో, కొన్ని ఏళ్లలో నడిచింది. నిధులు వచ్చినప్పుడు నడవడం, ఆగినప్పుడు ఆగిపోవడం దాని రాత అయింది.

సరిగ్గా నడిచే పొలంబడి ఎలా ఉంటుందో చెబుతాం. పాతిక ముప్పై మంది వారానికొక పొద్దున రెండు మూడు గంటలు మడి గట్టు మీద కలుస్తారు. పక్కపక్కనే రెండు మళ్లు ఉంటాయి. ఒకదాంట్లో ఊరి అలవాటు ప్రకారం సేద్యం, ఇంకోదాంట్లో కొత్త పద్ధతి. గుంపులు గుంపులుగా మడిలోకి దిగి కుదుళ్లు పాయదీసి చూస్తారు. దోమలెన్ని, సాలీళ్లెన్ని, మిరిడ్ నల్లులెన్ని, అక్షింతల పురుగులెన్ని అని లెక్కపెట్టి పెద్ద కాగితం మీద బొమ్మ గీస్తారు. ఈ వారం నీళ్లు తీయాలా, యూరియా ఆపాలా, మందు కొట్టాలా అన్నది అందరూ వాదించుకుని తేల్చుకుంటారు. గాజు సీసాలో ఒక సాలీడునూ కొన్ని దోమలనూ వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, మర్నాడు ఎన్ని మిగిలాయో చూస్తారు. సాలీడు మన పక్షాన ఉందని అలా కళ్లారా చూసిన రైతుకు వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

సుడిదోమ సంగతే తీసుకోండి. పిలక దశలో దుబ్బుకు పది పదిహేను, ఈనిక దశలో ఇరవై పాతిక దోమలు దాటితేనే మందు అవసరమని మన శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ లెక్క కాగితం మీద అందరికీ అందుబాటులోనే ఉంది. కానీ వంగి కుదురు మొదట్లో చూడటం, అక్కడున్నది దోమా దాన్ని తినే నల్లా అని గుర్తుపట్టడం కాగితం నేర్పదు. నాటేటప్పుడే రెండు మీటర్లకొకచోట ఇరవై సెంటీమీటర్ల కాలిబాట వదిలితే మొదళ్లకు గాలీ వెలుతురూ తగిలి దోమ తగ్గుతుంది. దోమ కనబడగానే పొలం ఆరబెట్టడం కూడా మందు లాంటిదే. అది తెలియక వరిలో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొడితే దోమ ఇంకా పెరుగుతుంది. డబ్బు ఖర్చుపెట్టి మరీ నష్టం కొనితెచ్చుకున్నట్టు. పత్తిలో గులాబీరంగు పురుగుదీ ఇదే కథ. లింగాకర్షక బుట్టలో పడ్డ రెక్కల పురుగుల్ని రోజూ లెక్కపెట్టేవాళ్లకు, గుడ్డిపూలను గుర్తుపట్టేవాళ్లకు ముందే తెలుస్తుంది. మిగతావాళ్లకు కాయ పగిలాక తెలుస్తుంది.

శ్రీ వరి అనుభవం ఇంకో పాఠం. 2003 వానాకాలంలో ఆచార్య ఎన్‌.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం దాన్ని ఉమ్మడి రాష్ట్రంలో రైతుల పొలాల్లోకి తెచ్చింది. ఎకరాకు రెండు కిలోల విత్తనం చాలు, ఎనిమిది నుంచి పన్నెండు రోజుల లేత నారు, పాతిక సెంటీమీటర్ల ఎడంలో ఒక్కో మొక్క, నిలవనీరు లేని మడి. పద్ధతి మంచిదే. చాలామంది మొదలుపెట్టి మానేశారు. ఎందుకని? శిక్షణకు పిలిచింది పాసుపుస్తకం ఉన్న మగవాళ్లను. మొక్క నాటే చేతులు మాత్రం ఆడవాళ్లవి. ఎకరానికి ఇంతని గుత్తకు నాట్లేసే ముఠాకు గీతల మధ్య ఒంటి మొక్క నాటడం ఎవరూ నేర్పలేదు, దానికి పట్టే అదనపు సమయానికి కూలి ఎంతో ఎవరూ మాట్లాడలేదు. పని చేసేవాళ్లను వదిలి పేరున్నవాళ్లకు చెబితే ఏ పద్ధతైనా ఇంతే.

పాత ఖమ్మం జిల్లాలోని పునుకుల గుర్తుచేసుకోండి. పత్తికి మందులు కొట్టీ కొట్టీ అప్పుల్లో కూరుకుపోయిన ఊరది. ఆడవాళ్ల సంఘాలు ముందుకొచ్చి వేపగింజలు దంచే పనిని నెత్తికెత్తుకున్నాయి. 2004 నాటికి పురుగుమందులు లేని ఊరిగా పునుకుల పేరు తెచ్చుకుంది. ఆ దారిలోనే ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సేద్యం వేల ఊళ్లకు పాకింది. ఆడవాళ్లు నేర్చుకుంటే ఊరు మారుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అన్ని ఊళ్లలో నేర్పేవాళ్లెవరని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. తెలంగాణలో ఒక్క వ్యవసాయ విస్తరణాధికారి చేతిలో దాదాపు ఐదు వేల ఎకరాలుంటాయి. పంటల నమోదు, ఎరువుల పంపిణీ, పథకాల పనులు ఆయన మీదే. వారం వారం ప్రతి ఊరికీ రమ్మనడం ఆయనకు అన్యాయం. అందుకే ఊళ్లో బాగా సాగుచేసే ఇద్దరికి, వాళ్లలో ఒకరు తప్పకుండా మహిళ అయ్యేట్టుగా, ఒక పూర్తి పంటకాలం శిక్షణ ఇచ్చి, గౌరవవేతనంతో వాళ్ల చేతే పొలంబడి నడిపించాలి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యాన్ని ఇలా రైతుల చేతనే రైతులకు నేర్పిస్తోంది. డబ్బుకు దారి లేకపోలేదు. కేంద్రం నిధులిచ్చే ‘ఆత్మ’ పథకంలో క్షేత్ర పాఠశాలలకు వీలుంది. అందులో కనీసం 30 శాతం వనరులు మహిళా రైతులకూ మహిళా విస్తరణ సిబ్బందికీ కేటాయించాలని నిబంధన కూడా ఉంది. ఆ నిబంధన మన మండలంలో ఎంత అమలైందో అడిగే హక్కు మనకుంది.

వచ్చే గ్రామసభలో ఈ డిమాండు మీద తీర్మానం పెట్టించండి. పొలంబడి ఏ పంటకో, ఎవరి మడిలోనో, వారంలో ఏ రోజో అందులో స్పష్టంగా రాయించండి. చేరేవాళ్ల పేర్లు రాసేటప్పుడు పాసుపుస్తకం అడగవద్దని, సగం పేర్లు ఆడవాళ్లవి ఉండాలని చేర్చండి. నాట్ల ముఠా మేస్త్రీని మరిచిపోవద్దు. నకలు ఒకటి మండల వ్యవసాయాధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇదంతా నారు పోయకముందే కావాలి.