నర్సాపురం పంటు, నర్సాపురం లేసు

రైలు దిగి, నది దాటి, దేవుణ్ణి చూసి, సముద్రంలో కాళ్ళు తడుపుకుని వచ్చే ఊరు ఒకటి మన రాష్ట్రంలోనే ఉంది. అదే పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం.

మనవైపు నుంచి పోవడం సులువే. ధర్మవరం నుంచి పాకాల, తిరుపతి మీదుగా నర్సాపురానికి ఎక్స్‌ప్రెస్ ఉంది. వేళలు స్టేషన్లో ఒక తూరి కనుక్కోండి. చింతపండు పులిహోర కట్టుకుంటే దోవలో తిండికి బెంగ లేదు. నర్సాపురంలో పట్టాలు ఆగిపోతాయి. ముందర వశిష్ఠ గోదావరి. రేవులో పంటు ఎక్కాలి. పంటు అంటే మనుషులతోబాటు బండ్లు కూడా ఎక్కే వెడల్పాటి పడవ. అవతలి గట్టు సఖినేటిపల్లి. అక్కణ్ణుంచి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి గుడికి పోవచ్చు. నది సముద్రంలో కలిసేది అక్కడే. స్వామి కల్యాణం మాఘమాసంలో శుద్ధ దశమి రాత్రి. గోదావరి పొంగితే పంటు ఆపేస్తారు కాబట్టి వానాకాలంలో విచారించుకుని బయలుదేరండి.

దర్శనమైనాక నర్సాపురం లేసు చూడకుండా రాకండి. 1844లో స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకు ఈ అల్లిక నేర్పించారని చెబుతారు. సన్నని కొక్కెం సూది, తెల్ల దారం, అంతే సామాను. ఒకరు పూలు అల్లితే, ఇంకొకరు వాటిని అతికి టేబుల్ గుడ్డ చేస్తారు. దీన్ని అతుకుపని అంటారు. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అయితే అల్లిన చేతికి దక్కేదెంత? జర్మనీకి చెందిన మరియా మీస్ ఈ ఆడవాళ్ళ మధ్య తిరిగి 1982లో ఒక పుస్తకం రాసింది. వంటావార్పూ చూసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లేవారట. అయినా వాళ్ళను పనివాళ్ళు అనలేదు, తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులు అన్నారు. ఆ పేరు చెప్పి కూలి తక్కువ ఇచ్చారు. సరుకు విదేశాలకు పోయింది, లాభం వ్యాపారుల చేతికి పోయింది.

ఈ మాట మనకు కొత్తా? జాకెట్లు కుట్టినా, అప్పడాలు వత్తి అమ్మినా, "ఇంట్లో ఊరికే ఉంటుంది" అనే కదా అంటారు! అందుకే లేసు కొనేటప్పుడు పది రూపాయల కోసం గీచి గీచి బేరమాడొద్దు. వీలుంటే అల్లినవాళ్ళ దగ్గరే కొనండి. ఇంట్లో మీరు చేసే పనికి కూడా దారం ఖర్చుతోబాటు పట్టిన గంటలు ఒక నోటుబుక్కులో రాసుకోండి. ధర చెప్పేటప్పుడు నోరు పెగలకపోతే, ఆ లెక్కే మీ తరపున మాట్లాడుతుంది.