భాష మంచిదైతే చాలదు



"సి నేర్చుకోవాలా, రస్ట్ నేర్చుకోవాలా?" అని మన హాస్టల్ తమ్ముళ్లు తరచుగా అడుగుతుంటారు. ఏది గొప్పదని కాక, ఏది ఎందుకు నిలబడిందని ఆలోచిస్తే జవాబు దొరుకుతుందని నా అభిప్రాయం.

మన పాతబస్తీనే చూడండి. లాడ్ బజార్‌లో గాజులు బేరమాడే తెలుగువారు వ్యాకరణం చదివి దక్కనీ నేర్చుకోలేదు. అక్కడ ఆ భాషతో పని జరుగుతుంది, తప్పు మాట్లాడితే సరిదిద్దేవారు పక్కనే ఉంటారు. కంప్యూటర్ భాషల సంగతీ అంతే.

1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ సి భాషను తయారుచేశారు. 1973లో యునిక్స్‌ను అందులో తిరగరాశారు. యునిక్స్ తక్కువ ఖర్చుకే విశ్వవిద్యాలయాలకు చేరింది, దాని వెంటే సి కూడా వెళ్లింది. 1978లో కెర్నిగన్, రిచీల పుస్తకం వచ్చింది. పని, పుస్తకం, తోడు మూడూ కుదిరాయి.

ఆడా కథ వేరు. అమెరికా రక్షణ శాఖ కోరి చేయించిన భాష అది. భద్రతలో సి కన్నా మెరుగు. తమ పనులకు అదే వాడాలని ఆ శాఖ నిబంధన కూడా పెట్టి, 1997లో ఎత్తివేసింది. విమానాల వంటి కొన్ని రంగాల్లో ఆడా నిలిచింది కానీ ఇంటింటికీ చేరలేదు. రాజాజ్ఞతో భాష పాకదు!

రస్ట్‌ను గ్రేడన్ హోర్ 2006లో మొదలుపెట్టారు. తర్వాత మొజిల్లా అండ దొరికింది. 2015లో 1.0 వెలువడింది. మెమరీ తప్పులను చాలావరకు కంపైల్ దశలోనే ఆపడం దాని గొప్ప. అయితే తప్పు ఎక్కడుందో విడమరచి చెప్పే కంపైలర్, ఉచిత పుస్తకం, పాత సి కోడ్‌తో కలిసి నడిచే వీలు కూడా దానికి తోడయ్యాయి. 2022లో లినక్స్ 6.1లో చోటు దక్కింది.

కాబట్టి తమ్ముళ్లూ, ముందు సి నేర్చుకోండి. సిలబస్‌లో ఉంది, చెప్పేవారూ ఉన్నారు. ఆ పునాది మీద రస్ట్ పట్టండి. రెండింటికీ కంపైలర్లు ఉచితమే. మనకు కొరత తోడు ఒక్కటే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. పాయింటర్ అంటే ఏమిటో ఇంట్లో ఎవరిని అడగను? సీనియర్ అన్న ఒకరు నేల మీద సుద్దముక్కతో గడులు గీసి చెప్పారు.

ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులకు నా విన్నపం: వార్షికోత్సవానికి వచ్చి దండ వేయించుకుంటే చాలదు. నెలకు ఒక్క ఆదివారం వచ్చి మా పక్కన కూర్చోండి. వేలకు వేలు కోచింగ్ ఫీజు కట్టలేని తమ్ముడికి అదే పెద్ద సాయం.

– ఎం.సి.ఏ. విద్యార్థి