చారులో ఉప్పు ఎక్కువైతే

మొన్న ఆదివారం మా ఇంట్లో చారు ఉప్పు కషాయమై కూర్చుంది. మేముండేది తార్నాకలో, మావారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చెబుతారు. క్యాంపస్ నుంచి ఆయన స్నేహితులిద్దరు భోజనానికి వస్తున్నారు. ఆ హడావుడిలో నేను ఉప్పు వేశానని తెలియక అత్తయ్యగారు మళ్ళీ వేశారు.

పక్కింటి పిన్నిగారు బంగాళాదుంప వేయమన్నారు. వేశాను. దుంప ఉడికింది గాని చారు ఉప్పగానే ఉంది. మావారు నవ్వి, “దుంప ఉప్పును మాత్రమే ఏరుకోదోయ్! ఉప్పునీళ్ళను పీలుస్తుంది. మిగిలిన చారు ఎప్పటిలాగే ఉప్పగా ఉంటుంది,” అన్నారు.

చిన్న గిన్నెలో కాస్త చారుకు బెల్లం కలిపి చూశాను. నాలుకకు బాగానే తోచింది. అంతలో గుర్తొచ్చింది, అత్తయ్యగారికి రక్తపుపోటు. బెల్లం ఉప్పదనాన్ని మరిపిస్తుందే గాని ఉప్పును తీసివేయదు కదా! రోజుకు 5 గ్రాములకు, అంటే ఒక చిన్న చెంచాడుకు, లోపే ఉప్పు వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

అందుకని సగం చారు తీసి పక్కన పెట్టాను. మిగిలినదానికి అంతే కొలత ఉప్పు లేని పప్పుకట్టు, కాస్త చింతపండు రసం చేర్చి మరిగించి, మళ్ళీ పోపు పెట్టాను. గరిటెడు చారులో ఉప్పు సగానికి తగ్గింది. తీసిన సగం మర్నాడు ఉప్పు వేయని పప్పులోకి పనికొచ్చింది.

అత్తయ్యగారు మెచ్చుకుని రెండోసారి వడ్డించమన్నారు. “లెక్క మళ్ళీ మొదటికొచ్చింది!” అన్నారు మావారు.

ఇప్పుడు మా వంటింట్లో ఒక నియమం: ఉప్పు వేసినవారు జాడీ మూత మీద చెంచా బోర్లించాలి. మీరూ పాటించి చూడండి.